పదకొండో జల్లెడ

మెయిన్ స్విచ్చి హ్యాండిలు దించిన చెయ్యి ఇంకా హ్యాండిలు మీదే ఉంది. ఎల్లేశం దాన్ని తీయలేదు. మూడు రోజులుగా ఆగకుండా మోగిన హోరు ఆగిపోయింది, ఆగాక గానీ అది ఎంత పెద్ద హోరో తెలియలేదు. కంప్యూటరు మిషను గదిలో ఇప్పుడు ఈగ ఎగిరినా వినబడుతుంది. ఈగ కూడా ఉంది, ఎక్కడినుంచి వచ్చిందో, తలుపు ఎవరో సరిగా మూయలేదు. దించే ముందు లైట్లు ఒక్కసారి మసకబారాయి. పోలేదు, మసకబారాయి, అంతే. అప్పుడు ఏం చేయాలో ఎల్లేశాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. చెయ్యి పైకెత్తాలి. సార్ అని కేకేయాలి. రామబ్రహ్మం సారు మిషను ముందరి ఎర్ర మీట నొక్కుతాడు, మిషను చేతిలో ఉన్న పని ముగించుకుని నిలబడుతుంది, సారు ఊఁ అంటాడు, ఆ తర్వాతే హ్యాండిలు. కరెంటు తగ్గితే తనంతట తానే మిషనును ఆపే పెట్టె ఒకటి ఉండేది, మూడు నెలల కింద కాలిపోయింది, కొత్తది వచ్చేదాకా ఇదే పద్ధతి. ఎల్లేశం చెయ్యి ఎత్తలేదు. కేకేయలేదు. దించాడు. దించాక తలుపు సందులోంచి చూస్తే వసారాలో బల్బు ఇంకా వెలుగుతోంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు వెలిగింది. అప్పుడు పోయింది అసలు కరెంటు, బాలానగర్ మొత్తానికి. రామబ్రహ్మం ఇటు వీపు పెట్టి టెలిప్రింటర్ కాగితం చించుకుంటున్నాడు, ఏమీ చూడలేదు. "అయ్యయ్యో, చెప్పాపెట్టకుండా పోయిందండీ!" అన్నాడు. ఎల్లేశం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అతనికి ఎన్నడూ కష్టం కాలేదు.

రైసుమిల్లు అలవాటు, అనుకున్నాడు. ఈ ఫ్యాక్టరీకి రాకముందు లింగంపల్లి రైసుమిల్లులో ఏడేళ్ళు మోటారు చూశాడు, అక్కడ దీపం మసకబారిందంటే ముందు హ్యాండిలు దించాలి, ఆ తర్వాతే ఎవరికైనా చెప్పడం, లేకుంటే మోటారు కాలుతుంది, కాలితే నీ చర్మం వలుస్తారు. చెయ్యి దానంతట అది దించింది. చెయ్యే దించింది. మరి పదిహేనేళ్ళుగా ఈ గదిలో ఆ చెయ్యి ఒక్కసారీ ఎందుకు తొందరపడలేదు, ఈ రోజే ఎందుకు. ఎల్లేశం చెయ్యి తీసి లాగుకు తుడుచుకున్నాడు. చెమట పట్టింది. చల్లగాలి మిషను ఆగితే ఈ గది పది నిమిషాల్లో ఇటుకబట్టీ అవుతుంది, మే నెల, మధ్యాహ్నం రెండూ పది, కిటికీ కూడా లేదు. స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఈ రోజే ఎందుకంటే ఈ రోజు పొద్దున చలపతిరావు సారు వచ్చి పోయాడు, అందుకా. పెద్ద ఇంజనీరు చలపతిరావు, అరచేతిలో బొటనవేలంత నల్లముక్క ఒకటి పెట్టుకుని వచ్చాడు, జెర్రిలాగా దానికి రెండు పక్కలా కాళ్ళున్నాయి. ఇలాంటివి కొన్ని చాలునయ్యా రామబ్రహ్మం, మిషను జ్ఞాపకం దాచే ఆ బీరువా అక్కర్లేదు అన్నాడు. మరి కరెంటు పోతేనో సార్ అన్నాడు కుర్ర ఇంజనీరు రామబ్రహ్మం. పోతే ఖాళీ, కరెంటు ఉన్నంతసేపే దీనికి జ్ఞాపకం, దానికేముంది, బ్యాటరీలు పెట్టుకుందాం అన్నాడు చలపతిరావు. మన జల్లెడలకు కరెంటు లేకపోయినా ఉంటుంది కదండీ అన్నాడు రామబ్రహ్మం, వాటిని ఎవరో ఏదో అన్నట్టు ముఖం పెట్టి. చలపతిరావు నవ్వాడు. ఉంటుందనే అంటారు, అల్లి ఏడెనిమిదేళ్ళయింది, ఆడవాళ్ళ అల్లికల మీద ఇంకెన్నాళ్ళు నడుపుతాం, ఈసారి కరెంటు పోయి వచ్చాక చూడండి, పదహారింట్లో ఒక్క తప్పు దొరికినా సోమవారం అన్నీ దించేసి తుక్కు కొట్టంలో పడేయండి, తప్పు లేకపోతే ఉండనీయండి. అంతే మాట. నాలుగు గంటలు కాలేదు ఆ మాట అని, కరెంటు పోయింది. బీరువాలో పదహారు జల్లెడలున్నాయి. పదకొండోది నీలమ్మది. నీలమ్మ ఎల్లేశం భార్య. పోయి మూడేళ్ళు.

జల్లెడ అన్న పేరు ఇంజనీర్లు పెట్టింది కాదు, వాళ్ళకు ఇంగ్లీషులో ఇంకేదో ఉంది. అల్లే ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు. జానెడు చట్రం, అడ్డంగా నిలువుగా వెంట్రుకంత రాగితీగలు, తీగా తీగా కలిసే ప్రతిచోటా ఒక ఉంగరం. ఆవగింజలో సగం ఉంటుంది, నల్లగా, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. అందుకని ఆ గదిలో ఎండాకాలం కూడా పంకా వేయనిచ్చేవాళ్ళు కాదు, మాట్లాడుకోనిచ్చేవాళ్ళు కాదు. ఒక్కో జల్లెడకు పదహారు వేల పైచిలుకు ఉంగరాలు, ఒక్కో ఉంగరంలోంచి మూడు తీగలు. మొదట మగవాళ్ళను పెట్టి చూశారు, రెండో రోజుకే చేతులు వణికాయి. అప్పుడు పుణ్యవతమ్మ, ఏలూరు దిక్కునుంచి వచ్చిన సూపర్‌వైజరమ్మ, కార్మికుల ఇళ్ళమీద పడి ఆడవాళ్ళ వేళ్ళు చూసుకుంటూ తిరిగింది. మాదాపూర్ దాకా వచ్చింది, రాతిగుండ్ల మధ్య జీపు పోయే దారి లేకపోతే నడుచుకుంటూ. నీలమ్మ గుమ్మం ముందు కూర్చుని మోదుగాకుల విస్తర్లు కుడుతోంది, కళ్ళు మేక పిల్ల మీద, చేతులు ఆకు మీద. "ఏమ్మాయ్, చూడకుండా కుడుతున్నావేంటి!" "చూసుకుంట కుడితె గుచ్చుకుంటదమ్మా" అంది నీలమ్మ. పుణ్యవతమ్మ పకపకా నవ్వింది, ఆ నవ్వుతోనే పనికి కుదిరిపోయినట్టయింది. ఎల్లేశం వద్దన్నాడు. ఒక్కసారే అన్నాడు, రెండోసారి అనడం అతనికి అలవాటు లేదు. నీలమ్మ విస్తరి మడిచి పక్కన పెట్టింది. "ఈడ కూసుంటె విస్తరి, ఆడ కూసుంటె జల్లెడ. కూసునుడే గదనయ్యా, దానికి వద్దనుడేంది?" పోయింది. ఐదు నెలలు ఒక్క జల్లెడ మీద కూర్చుంది. ఎవరిదాంట్లో తప్పొస్తే వాళ్ళను పిలవడానికి గుర్తుగా చట్రం మూలకు ఒక్కొక్కరు ఒక్కో రంగు దారం కట్టేవాళ్ళు, ఆమె తన చీర అంచులోంచి ఆకుపచ్చ పోగు లాగి కట్టింది. ఆ దారం కోసం ఎవరూ ఎన్నడూ వెతుక్కుంటూ రాలేదు. తప్పు రాలేదు గనక.

"ఎల్లేశం గారూ." రామబ్రహ్మం చిల్లులు పొడిచిన అట్టకార్డులు నాలుగు కలిపి విసురుకుంటున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుంది. "నాకు ఒకటే గుబులండీ. లైటు పోయినప్పుడు అది పదకొండో దాంట్లో ఉంది. వానల లెక్క పదకొండో దాంట్లోనే కదండీ పెట్టాను." ముప్పై ఏళ్ళ వానల లెక్క, ఊరూరా నెలనెలా ఎంత పడిందో, మూడు రోజులుగా అదే నడుస్తోంది. ఎల్లేశం అతని వైపు చూడలేదు. "ఉంటే ఏమైతది సార్?" "ఊరికే ఉంటే ఏం కాదండీ. నెల్లాళ్ళు కరెంటు లేకపోయినా అలాగే ఉంటుంది. చదువుతూ ఉండగా పోతేనే చిక్కు. చదవడమంటే దాన్ని ఖాళీ చేయడమే. చదివింది చదివినట్టు వెంటనే మళ్ళీ రాసెయ్యాలి. ఆ చదవడానికీ రాయడానికీ మధ్యలో గానీ పోయిందా..." కార్డులు విసరడం ఆపాడు. "ఆ ఒక్కటీ గల్లంతండీ. మన అదృష్టం బాగుంటే మిషనులో మిగిలిన కాస్త ఊపిరితో రాసేసే ఉంటుంది లెండి." ఎల్లేశం తలూపాడు. ఈ సంగతి అతనికి తెలుసు. ఈ సారుకు గడ్డం రాకముందే తెలుసు. నీలమ్మ చెప్పింది, పొయ్యి ముందు కూర్చుని, రొట్టె చేస్తూ, పిండి చేత్తో గాలిలో ఉంగరం గీసి. "కుడిదిక్కు తిరిగితె ఒకటి, ఎడమదిక్కు తిరిగితె సున్న. కరెంటుతోటి తిప్పాలె గని, తిరిగినంక కరెంటు గిరెంటు దానికి అక్కర లేదు, అట్లనే పడి ఉంటది మొండిది. ఇగ అడిగినవనుకో, చెప్తది. చెప్పినంక ఖాళీ అయితది. మల్ల దానికి మనమే చెప్పాలె, ఇదిగో నువ్వు చెప్పింది ఇదీ అని." అప్పుడు ఎల్లేశం రొట్టె తింటున్నాడు. నీకెవరు చెప్పిన్రు అనలేదు, బాగుంది అనలేదు. ఆ హ్యాండిలు పట్టుకుని అప్పటికి ఏడేళ్ళు, ఆ బీరువాలో ఏముందో అతనికెవరూ చెప్పలేదు. అతను అడగలేదు. పెళ్ళాం పిండి చేత్తో చెప్పింది.

మొండిది. ఆ మాట తనను చూసి అందేమో. అన్నా తప్పులేదు. అన్నతో గట్టు పంచాయితీ వచ్చి ఎల్లేశం పదిహేనేళ్ళు మాట్లాడలేదు, అన్న చస్తే పాడె మోయలేదు, వదిన కాళ్ళమీద పడ్డా పోలేదు. తిరిగిందంటే తిరిగిందే, అట్లనే పడి ఉంటుంది. లేచి గోడ దాకా నడిచాడు. గోడ వేడెక్కింది. బయట గాలి లేచినట్టుంది, రేకుల మీద ఏదో దొర్లుతోంది, ఖాళీ డబ్బా కావచ్చు. వాన వచ్చేట్టుందా. వస్తే కరెంటు ఇప్పట్లో రాదు. రాకపోతే మంచిదా. వస్తే మంచిదా. వస్తే తేలిపోతుంది. పదకొండో దాంట్లో తప్పుంటే సోమవారం అన్నీ తుక్కు కొట్టంలో పడతాయి, దాని మూలకున్న ఆకుపచ్చ దారంతో సహా. పడనీ. తనకేం. దవాఖానలో ఆమె అడిగినప్పుడు కూడా తనకేం అనుకున్నాడు. అడిగింది. కామెర్లు ముదిరి కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, చేతులు దుప్పటి మీద ఊరికే ఉండలేక వేలూ వేలూ కలుపుకుంటున్నాయి, దారం లేకుండానే ఏదో దూరుస్తున్నట్టు. సాయంత్రం నాలుగయి ఉంటుంది. "ఏమయ్యా, నా జల్లెడ నడుస్తున్నదా?" అంది. అప్పుడే అన్నం గిన్నెల బండి గడగడమంటూ పక్కనుంచి పోయింది, చప్పుడుకు అతనికి వినబడలేదు. వినబడలేదు గనక జవాబు చెప్పలేదు. అంతే జరిగింది. తెల్లారేసరికి పోయింది.

తలుపు తోసుకుని పోచయ్య టీ తెచ్చాడు, రెండు గ్లాసులు, ఒకదాన్లో ఈగ. పోచయ్యది కూకట్‌పల్లి, ఫ్యాక్టరీలో ప్యూను, నోరు మూతపడదు. "ఏందే ఎల్లేశా, పీనుగకాడ కూసున్నట్టు కూసున్నవ్? ఇగ మీ మిషినుకు సోయి లేదా?" "లేదు" అన్నాడు ఎల్లేశం. "దానికి సోయి లేదు, నీకు మాట లేదు, మంచిగ కుదిరిన్రు ఇద్దరు. సార్, జర మీరన్న తాగుండ్రి, ఈయనకు ఇచ్చినా తాగడు, ఎందుకు తాగడో చెప్పడు." రామబ్రహ్మం నవ్వాడు. "కరెంటు ఎప్పుడొస్తుందంటావు పోచయ్యా?" "నేను పోయి తోలుకొస్తనా సార్? మూసాపేట దిక్కు తీగ తెగిందంటున్రు. గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. ఫికర్ జేయకున్రి. చలపతిరావు సార్ అయితె రూంల కూసుని గడియారం చూస్తున్నడు, ఏదో పందెం కాసినట్టు." గ్లాసు ఎల్లేశం చేతిలో పెట్టి వంగి చెవి దగ్గర అన్నాడు, "లోపల మా చెల్లె చేసింది గూడ ఉన్నది గదనే ఒకటి? అందుకేనా నీ పరేషాన్?" ఎల్లేశం టీ తాగాడు. చల్లారిపోయింది. పోచయ్య దవాఖానకు కూడా వచ్చాడు, ఆ రోజు, మంచం పక్కన దారికి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడితే బండి ఎట్లా పోయింది అటునుంచి. రెండో పక్కన దారి లేదు, గోడకు ఆనించి మంచం. గిన్నెల బండి రాలేదు. బండి పొద్దున వచ్చేది. మరి ఆమె అడిగినప్పుడు వినబడింది. వినబడితే ఏమన్నాడు. నాకేమెరుక అన్నాడు. అవును, అదే అన్నాడు. నాకేమెరుక, నేను హ్యాండిలు పట్టేటోన్ని. అంటే ఆమె కళ్ళు మూసుకుంది.

హ్యాండిలు పట్టేటోన్ని. ఆ మాట ఎక్కడిదో అతనికి తెలుసు. మిషనుకు ఈ జల్లెడల బీరువా బిగించి మొదటిసారి నడిపిన రోజు, డెబ్బై ఒకటిలో, పెద్దలు వచ్చారు, దండలు, కుర్చీలు, గదిలో నిలబడటానికి చోటు లేదు. పుణ్యవతమ్మ నీలమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది, ఈ అమ్మాయి చెప్తుందండి వినండి అని. నీలమ్మ చెప్పింది. కొంగు నిండుగా కప్పుకుని, తల ఎత్తి, కుడిదిక్కు ఒకటి, ఎడమదిక్కు సున్న, చెప్పినంక ఖాళీ అయితది. చప్పట్లు కొట్టారు. వచ్చిన పెద్దమనిషి ఒకాయన, బట్టతల, ఇటు తిరిగి, నువ్వేం చేస్తావోయ్, నీకూ తెలుసా ఇదంతా అన్నాడు. ఎల్లేశం నిటారుగా నిలబడి, నేను హ్యాండిలు పట్టేటోన్ని సార్ అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు. నీలమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళతో, ఇంట్లో మేకపిల్ల గంతేస్తే నవ్వినట్టు. ఆ ఒక్క నవ్వుకు మూడేళ్ళు. తిట్టలేదు, కొట్టలేదు, వెళ్ళగొట్టలేదు. మాట తీసేశాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. మొదట్లో ఆమె అడిగింది, ఏమైందయ్యా, ఏం తప్పు జేసిన అని. తర్వాత గోడకు చెప్పినట్టు చెప్పింది, పుణ్యవతమ్మకు జ్వరమొచ్చింది, మేక ఈనింది, నా జల్లెడ పదకొండో అరల పెట్టిన్రట. తర్వాత చెప్పడం కూడా మానింది, కానీ అటుగా తిరిగే పడుకునేది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇద్దరూ కలిసే పనికి వచ్చేవాళ్ళు, ఒకటే సైకిలు, మాదాపూర్ నుంచి బోరబండ మీదుగా, సీతాఫలం పొదల మధ్య మట్టిదారి, ఆమె వెనక క్యారియరు మీద. ఏడు మైళ్ళు. ఒక్క మాట లేకుండా ఏడు మైళ్ళు, రోజూ, రానూ పోనూ. ఎత్తు వస్తే ఆమె తనే దిగి నడిచేది. దిగినట్టు సైకిలుకు తెలిసేది.

నవ్విందా అసలు. నోటికి కొంగు అడ్డం ఉంది కదా. కళ్ళు చూసి అనుకున్నాడు. ఎన్నిసార్లు తలుచుకున్నాడు ఆ ముఖం, వెయ్యిసార్లు, రెండు వేలు, సైకిలు మీద, స్టూలు మీద, అన్నం ముందు. తలుచుకున్న ప్రతిసారీ ఆ నవ్వు కొంచెం పెద్దదయింది. మొదట కళ్ళతో నవ్వింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత పుణ్యవతమ్మ వైపు తిరిగి చెప్పుకుని మరీ నవ్వింది. అడిగితె చెప్తది, చెప్పినంక ఖాళీ అయితది, మల్ల మనమే చెప్పాలె. మళ్ళీ చెప్పింది ఎవరు. తనే. ఉన్నది ఉన్నట్టు చెప్పాడా. మిషనయితే చెప్తుంది, చదివింది చదివినట్టు రాసేస్తుంది, దానికి కోపం లేదు. ఎల్లేశం ప్రతిసారీ ఒక పోగు కలిపి రాశాడు. నవ్వుకు కలిపాడు. దవాఖానలో తీశాడు. గిన్నెల బండి రాశాడు. నాకేమెరుక అని రాశాడు. బండి లేదు. నాకేమెరుక కూడా లేదు. గది ఉడికిపోతోంది, ఈగ వచ్చి బీరువా తలుపు మీద వాలింది, సరిగ్గా ఎక్కడ వాలిందో చూస్తున్నాడు, లోపల పదకొండో అర ఆ ఎత్తులోనే ఉంటుంది. జరిగింది ఇది. ఆమె అడిగింది, ఏమయ్యా, నా జల్లెడ నడుస్తున్నదా. వార్డు నిశ్శబ్దంగా ఉంది. పోచయ్య నీళ్ళకు పోయాడు. మూడేళ్ళ తర్వాత ఎల్లేశం నోరు తెరిచాడు, పెళ్ళాంతో. "ఎక్కడి జల్లెడ? తప్పొచ్చిందని ఎప్పుడో తీసిపారేసిన్రు" అన్నాడు. మూడేళ్ళ మీద అన్న మొదటి మాట అది. ఆమె వేళ్ళు ఆగాయి. దుప్పటి మీద అట్లాగే, ఒకదాన్లో ఒకటి, ఆగాయి. "ఏ వరసల?" అంది. తప్పు ఏ వరసలో వచ్చిందని. ఎల్లేశం చెప్పలేదు. లేని వరస ఎక్కడ చెప్తాడు. ఆ రోజు పొద్దున తను హ్యాండిలు ఎత్తి వచ్చాడు, జల్లెడ నడుస్తోంది. ఆమె వరసలు వెతుక్కుంటూ పోయింది. పదహారు వేల ఉంగరాలు, తెల్లవార్లూ, ఎక్కడ తప్పిందో అని.

మూడూ పదిహేనుకు వసారా బల్బు వెలిగింది. "వచ్చిందండీ!" రామబ్రహ్మం గంతేశాడు. బల్బు నిలకడగా వెలిగేదాకా ఆగి ఎల్లేశం హ్యాండిలు ఎత్తాడు. హోరు మొదలైంది. కబురందుకుని చలపతిరావు వచ్చాడు, చొక్కా జేబులోంచి ఆ నల్లముక్క కాళ్ళు కనబడుతున్నాయి. మిషను జల్లెడ జల్లెడా కూడుకుంటూ పోవాలి, కరెంటు పోయేముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉండాలి, ఉంటే నంబరు పక్కన ఓకే అని కొడుతుంది. టెలిప్రింటర్ కొట్టింది. ఒకటి ఓకే. రెండు ఓకే. ఎల్లేశం దాని ముందుకు పోలేదు, చప్పుడు లెక్కపెట్టాడు. తొమ్మిది. పది. పదకొండు అని కొట్టి ఆగింది. ఆగి ఇంకో వరస కొట్టింది, పొడుగ్గా. రామబ్రహ్మం ముఖం పాలిపోయింది. వానల పుస్తకం తెరిచి వేలితో గీసుకుంటూ పోయాడు. "ఒక్కటే సార్. శేరిలింగంపల్లి, యాభై నాలుగు, ఆగస్టు. ఖాళీ. ఆ నెల వానే లేదంటోంది." "పడ్డది" అన్నాడు ఎల్లేశం. ఇద్దరూ తిరిగి చూశారు. పడింది, ఆ నెల కొత్తగా కాపురానికి వచ్చింది నీలమ్మ, మూడు రోజులు విడవకుండా కొట్టింది, మట్టిగోడ కూలింది, ఇద్దరూ అటక కింద నిలబడి తెల్లవార్లూ చీకట్లో ఎందుకో నవ్వారు. ఇద్దరూ. తను కూడా. "ఒకటైనా తప్పు తప్పే కదయ్యా" అన్నాడు చలపతిరావు, కోపం లేకుండా, జాలిగా కూడా. "పాతబడ్డాయి. సోమవారం దించేయండి." సోమవారం. పదకొండోది తీసి పారేస్తారు. తప్పొచ్చిందని. ఆ రోజు అన్న మాట అప్పుడు అబద్ధం. ఇప్పుడు నోరు కదపకపోతే సోమవారం నిజం. ఎవరూ చూడలేదు. రామబ్రహ్మం వీపు పెట్టి ఉన్నాడు. అనకపోవడం ఎల్లేశానికి ఎన్నడూ కష్టం కాలేదు.

"హ్యాండిలు నేను దించిన సార్."

"ఏంటండీ?" అన్నాడు రామబ్రహ్మం.

"కరెంటు పోకముందే దించిన. మసక మసక అయితుంటె. మీకు చెప్పలె." గొంతు తనది కాదనిపించింది, వాడక వాడక తుప్పు పట్టింది. "అది చెప్తుంటె నేనే కోసిన. దాని తప్పు కాదు."

చలపతిరావు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "పదిహేనేళ్ళ సర్వీసు పెట్టుకుని? తెలుసా ఇది ఎంత తప్పో?"

"తెలుసు సార్."

"మరి ఇందాకే చెప్పడానికేం?"

రామబ్రహ్మం అప్పటికే పుస్తకం చూసి యాభై నాలుగు ఆగస్టు వాన మళ్ళీ మిషనుకు చెప్తున్నాడు, మీటలు టకటకమంటున్నాయి. "సార్, ఒక్కసారి, ఇంకొక్కసారి చూడండి సార్, పద్ధతిగా ఆపి చూద్దాం." చలపతిరావు గడియారం చూసుకుని సరేనన్నాడు. లెక్క మళ్ళీ నడిచింది, పదకొండో దాంట్లోనే. ఎల్లేశం చెయ్యి పైకెత్తాడు. "సార్." రామబ్రహ్మం ఎర్ర మీట నొక్కాడు, మిషను మీద మిణుకుమనే దీపాలు నిలబడ్డాయి, ఊఁ అన్నాడు. దించాడు. ఈసారి చలపతిరావే అరగంట అన్నాడు, అరగంట ముగ్గురూ ఉడుకులో నిలబడ్డారు, ఈగ కూడా ఎటో పోయింది. ఎత్తాడు. టెలిప్రింటర్ కొట్టింది. పదకొండు ఓకే. ఎల్లేశం గోడకు ఆనుకున్నాడు. పదహారు ఓకే. "ఉండనీయండి అయితే" అన్నాడు చలపతిరావు రామబ్రహ్మంతో. తర్వాత ఎల్లేశంతో, "నువ్వు సంజాయిషీ రాసివ్వు. ఇప్పుడే. దాన్నిబట్టి ఏం చేయాలో చూస్తాను. ఉద్యోగం ఉంటుందని మాట ఇవ్వను."

ఎల్లేశానిది శేరిలింగంపల్లి బడిలో చదివిన ఏడు తరగతుల చదువు, అదీ ఉర్దూ బడి, తెలుగు తర్వాత పట్టుకున్నది. స్టూలు మీద కాగితం పెట్టుకుని వంగి రాశాడు. ఎప్పుడూ రెండు ముక్కలకు మించి రాయని చెయ్యి, పుస్తకంలో కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, అంతే రాసిన చెయ్యి. రాసి, చదివి, ఒక వాక్యం కలిపాడు. పట్టుకుపోయి ఇచ్చాడు. చలపతిరావు కుర్చీలో వెనక్కి వాలి పైకే చదివాడు. "కరెంటు పోకముందే హ్యాండిలు దించినాను. ఇంజనీరు సారుకు చెప్పలేదు. తప్పు నాది, జల్లెడది కాదు. నీ జల్లెడ నడుస్తున్నది." ఆగాడు. అద్దాలు తీసి పెట్టి కాగితం మీద వేలు ఆనించాడు.

"ఈ చివరి ముక్క ఏంటయ్యా? నేను అడగలేదు కదా."

ఎల్లేశం నిలబడే ఉన్నాడు. కిటికీ బయట గాలి పడిపోయి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

"అడిగింది సార్" అన్నాడు.